మా ఆయన సంఘంలో ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న: మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. నాకు 63 ఏళ్లు. పద్దెనిమిదో ఏట పెళ్లయింది, మరుసటేడు బాప్తిస్మం తీసుకున్నాను. మా నాన్న పుట్టింటి గడప తొక్కనివ్వలేదు, అత్తగారు ఆరు నెలలు మాట్లాడలేదు. మా ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. ఆయన బాప్తిస్మం తీసుకోలేదు. కానీ ప్రతి ఆదివారం నన్ను ముందు సైకిల్ మీద, తర్వాత స్కూటర్ మీద చర్చికి దింపి, ఆరాధన అయ్యేదాకా బయట వేపచెట్టు కింద పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. కోత పండుగకి మా చేలో మొదటి పన ఆయనే భుజాన మోసుకొచ్చేవారు. రెండేళ్ల కిందట పోయారు. సంఘస్తుడు కాదని సమాధుల తోటలో చోటివ్వలేదు. మా పొలం గట్టునే పెట్టుకున్నాం.

మా అబ్బాయి న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాడు. ఈమధ్య యూనివర్సలిస్టుల పుస్తకాలు చదువుతున్నాడు. "చివరికి అందరూ రక్షణ పొందుతారమ్మా, నాన్న కూడా" అన్నాడు ఫోన్‌లో. వినగానే ఏడుపొచ్చింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందరికీ రక్షణే అయితే ఇక సంఘం ఎందుకు? నేను అన్ని మాటలు పడి బాప్తిస్మం ఎందుకు తీసుకున్నట్టు? మా ఆయన సంఘంలో ఉన్నట్టా, లేనట్టా? ఈ ఆలోచన మనసులో పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లొచ్చా? అయ్యగారికి చెప్పాలా?

జవాబు: అమ్మా, వందనాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఒక మాట చెప్పాలి. మీ అబ్బాయి చెప్పే నమ్మకాన్ని నేను పూర్తిగా పుచ్చుకున్నవాణ్ణి కాదు. దాని వైపు ఆశగా చూసేవాణ్ణి, అంతే. అందుకని వాళ్లేమంటారో ఒక పక్క, నాకేమనిపిస్తుందో ఒక పక్క, కలపకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మీ కలవరమంతా ఒక ముడి దగ్గర ఉంది. ఎవరు రక్షణ పొందుతారు అన్నది ఒక ప్రశ్న. ఎవరు సంఘంలో ఉన్నారు అన్నది ఇంకో ప్రశ్న. మన కూటాల్లో "రక్షించబడ్డారా?", "ఏ సంఘం మీది?" అని రెండూ ఒకే ఊపిరిలో అడిగేస్తారు. అలా అడిగీ అడిగీ సంఘం రిజిస్టరు రేషన్ కార్డులా తయారైంది. పేరుంటే బియ్యం వస్తాయి, లేకపోతే లేదు. మీ అబ్బాయి చదువుతున్నవాళ్లు ఈ ముడి విప్పుతారు. అది విప్పాక కూడా వాళ్లకు సంఘం ఉంది, బాప్తిస్మం ఉంది, బల్ల ఉంది.

దీనికి వాళ్లు ఎక్కువగా వాడే మాట మీకు బాగా తెలిసినదే, ప్రథమఫలం. మీ ఆయన మోసుకొచ్చిన ఆ పననే చూడండి. చేనంతా కోతకు రాకముందు, ఒక మూల ముందుగా పండిన కంకులు కోసి, కట్ట కట్టి, చర్చికి తెచ్చి బల్ల ముందు ఆనిస్తారు. పక్కన గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, అరటి గెలలు. ఆరాధన అయ్యాక వేలం, నవ్వులాటలు, రెండు వందల కోడిని ఎవరో పట్టుదలకు పోయి రెండు వేలకు పాడుకోవడం. ఆ పన ఇచ్చిన రైతు ఎవడైనా "ఇది దేవుడిది, మిగతా చేను తగలబెట్టేస్తాను" అంటాడా? పన ఇవ్వడంలోనే చేనంతా దేవుడిదని ఒప్పుకోవడం ఉంది. లేవీయకాండం 23లో ఈ పండుగ పెట్టిందే అందుకు.

యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో విశ్వాసుల్ని దేవుడు "సృష్టించిన వాటిలో" ప్రథమఫలం అన్నాడు. రోమా 11లో "ముద్దలో మొదటి పిడికెడు పరిశుద్ధమైనదైతే ముద్దంతయు పరిశుద్ధమే" అని ఉంది. పిండి కలిపే చేతులకు ఆ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. నిజం చెప్పాలంటే అక్కడ పౌలు మాట్లాడుతున్నది ఇశ్రాయేలీయుల గురించి, మన సంఘం గురించి కాదు. అయితే అదే అధ్యాయం చివర్లో ఆయన "అందరియెడల కరుణ చూపవలెనని" అనేదాకా వెళ్తాడు. యూనివర్సలిస్టులు ఆ మాటను గట్టిగా పట్టుకుంటారు. వాళ్ల లెక్కలో సంఘమంటే ముందు పండిన పన. చేను కాదు, చేనుకు సాక్ష్యం.

ఇంకో వాక్యం 1 తిమోతి 4:10. దేవుడు "మనుష్యులకందరికి రక్షకుడు", "మరి విశేషముగా" విశ్వాసులకు. ఆ "విశేషముగా" అన్న మాట దగ్గర చాలామంది త్వరగా దాటిపోతారు, వీళ్లు అక్కడే ఆగుతారు. అందరికీ రక్షకుడైతే విశ్వాసికి ఉన్న విశేషం ఏమిటి? వాళ్ల జవాబు ఇది: ముందుగా తెలిసింది, ముందుగా భయం పోయింది, ముందుగా పని నెత్తిన పడింది.

ఈ ఆలోచన నిన్న మొన్న అమెరికాలో పుట్టింది అనుకోకండి. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన సంఘ పండితుడు ఒరిగెను యెహోషువ గ్రంథం మీద ప్రసంగిస్తూ, యెరికో కూలినప్పుడు తన ఇంట్లోవాళ్లతో సహా బతికిన రాహాబు ఇంటి దగ్గర ఆగాడు. కిటికీకి ఎర్ర దారం కట్టిన ఆ ఇల్లే సంఘం, ఆ ఇంటి బయట ఎవరూ రక్షించబడరు అన్నాడు. వింటే మీ సంఘ పెద్దల మాటలాగే లేదూ? కానీ అదే ఒరిగెను, చివరికి సృష్టి అంతా దేవుడి దగ్గరికి తిరిగి వస్తుందని ఆశించినవాడు. ఇంటి బయట రక్షణ లేదు, నిజమే, కాకపోతే చివరికి ఇంటి బయట ఎవరూ మిగలరు. ఆ తర్వాత శతాబ్దంలో నిస్సా బిషప్పు గ్రెగొరీ ఇంకో అడుగు వేశాడు. 1 కొరింథీ 15లో "దేవుడు సర్వములో సర్వమగు" అన్న వాక్యాన్ని విడమరుస్తూ, క్రీస్తు శరీరమంటే చివరికి మానవజాతి మొత్తం అన్నాడు. ఇప్పుడు మనం శరీరం అంటున్నది ఇంకా నిండుతూ ఉన్న శరీరం అన్నమాట. ఒరిగెను పేరు మీద ఆ తర్వాత పెద్ద గొడవలే జరిగాయి, 553లో కాన్‌స్టాంటినోపుల్ సభలో శపించబడినవాళ్ల జాబితాలో ఆయన పేరూ చేరింది. గ్రెగొరీని మాత్రం పరిశుద్ధుడిగానే ఉంచుకున్నారు. ఎందుకలా అంటే అదో పెద్ద కథ, ఇక్కడ వద్దు.

మీ అబ్బాయి ఉండే ఎడిసన్ నుంచి కారులో గంట, గంటంబావు దూరంలో సముద్రం పక్కన లనోకా హార్బర్ అని ఒక ఊరుంది. పాతకాలంలో ఆ చోటును గుడ్ లక్ అనేవారు. అక్కడ థామస్ పాటర్ అనే రైతు ఉండేవాడు, పెద్దగా చదువు లేనివాడు. సొంత డబ్బుతో ఒక ప్రార్థన మందిరం కట్టించి, ఏ సంఘం బోధకుడు వచ్చినా తలుపు తీసేవాడు. కానీ తను నమ్మే మాట చెప్పే బోధకుడు మాత్రం ఏళ్ల తరబడి రాలేదు. 1770లో ఇంగ్లండ్ నుంచి వస్తున్న ఓడ ఒకటి అక్కడ ఇసుక మేటలో చిక్కుకుంది. అందులో జాన్ మరీ అనే మనిషి ఉన్నాడు. భార్య పోయింది, బిడ్డ పోయాడు, అప్పుల్లో జైలుకెళ్లాడు, అందరికీ రక్షణ అనే బోధ నమ్మాడని తన సంఘం వాళ్లు వెలివేశారు. ఇక జన్మలో ప్రసంగం చెయ్యను అనుకుని ఓడెక్కినవాడు. ఓడలో వాళ్లకు తిండి వెతుకుతూ ఒడ్డుకొచ్చి పాటర్ ఇంటి ముందు చేపల కుప్ప చూసి, అమ్ముతారా అని అడిగాడు. నేను అమ్మను, నాకు ఊరికే దొరికాయి, మీరూ ఊరికే పట్టుకెళ్లండి అన్నాడట పాటర్. తర్వాత, నువ్వు మా మందిరంలో ప్రసంగం చేసేదాకా గాలి మళ్లదు చూడు అని పందెం వేసినట్టు చెప్పాడు. ఆదివారం దాకా గాలి నిజంగానే మళ్లలేదు. సెప్టెంబరు 30న మరీ ప్రసంగించాడు. అమెరికాలో యూనివర్సలిస్టు సంఘాల కథ ఇక్కణ్ణుంచే చెప్పుకుంటారు. ఈ కథంతా మరీ స్వయంగా రాసుకున్నదే, కాబట్టి కొంచెం ఉప్పూకారం ఉంటే ఉండొచ్చు. నాకు మాత్రం ఆ చేపల మాట చాలు.

సంఘం ఎవరిది అన్న ప్రశ్న వాళ్లకు పుస్తకాల్లో కాదు, కోర్టులో ఎదురైంది. మరీ తర్వాత మసాచుసెట్స్‌లోని గ్లౌస్టర్ అనే రేవు పట్టణంలో స్థిరపడ్డాడు. ఆయన మాట విన్నవాళ్లను పట్టణంలోని పాత సంఘం 1778లో సస్పెండ్ చేసింది. వాళ్లు 1779లో విడిగా సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం ఒప్పంద పత్రం మీద సంతకం చేసినవాళ్లలో గ్లాస్టర్ డాల్టన్ అనే ఆఫ్రికా మనిషి ఒకడు. అమెరికాలో బానిసత్వం ఇంకా నడుస్తున్న రోజులవి. పాత సంఘం వాళ్లు అందరూ తమకే పన్ను కట్టాలన్నారు. వీళ్లు కట్టం అంటే సామాన్లు జప్తు చేశారు. అసలు మీరొక సంఘమేనా, నరకభయం లేనివాళ్లు జనానికి నీతి ఏం నేర్పుతారు అని అవతలివాళ్ల వాదన. 1786లో తీర్పు వీళ్ల వైపు వచ్చింది. మీకు సమాధుల తోటలో ఎదురైనదీ దాదాపు ఇలాంటి వాదనే కదమ్మా, పుస్తకంలో పేరుందా లేదా అని.

ఇక మీ బాప్తిస్మం. "అందరికీ చివర్లో ఊరికే దొరికేదానికి నేనెందుకు అంత చెల్లించాను" అని మీ మనసు అడుగుతోంది. మత్తయి 20లో పొద్దున్నే తోటలోకి వచ్చిన కూలీలు అడిగింది ఇదే, సాయంత్రం వచ్చినవాడికీ మాకూ ఒకే కూలా అని. మీరు ఆ కూలీల్లాంటి మనిషి కాదు. మీ అబ్బాయి మాట వినగానే మీకు ముందొచ్చింది ఏడుపు, లెక్క తర్వాత వచ్చింది. కానీ ప్రశ్న న్యాయమైనదే, కాబట్టి సూటిగా జవాబు చెప్తాను. బాప్తిస్మం మీకు చివర్లో చూపించే టికెట్ మాత్రమే అయితే, అవును, మీ అబ్బాయి మాటతో మీరు నష్టపోయినట్టే. ఈ 44 ఏళ్లలో మీకు దొరికింది అదొక్కటేనా? పుట్టింటివాళ్లు తలుపేసినప్పుడు మీ పక్కన కూర్చున్నదెవరు? 1803లో అమెరికాలోని వించెస్టర్ అనే ఊళ్లో యూనివర్సలిస్టులు తమ నమ్మకాన్ని మూడు చిన్న పేరాల్లో రాసుకున్నారు. దేవుడి స్వభావం ప్రేమ అనీ, ఆయన చివరికి మానవ కుటుంబం మొత్తాన్ని పరిశుద్ధతకూ ఆనందానికీ తిరిగి తెస్తాడనీ అందులో ఉంది. వెంటనే మూడో పేరాలో, పరిశుద్ధత, నిజమైన ఆనందం విడదీయలేనివి, కాబట్టి విశ్వాసులు క్రమం పాటించి మంచి పనులు చెయ్యాలి అన్నారు. అంటే వాళ్ల దృష్టిలో ముందు వచ్చినవాడికి కూలి రోజంతా అందుతూనే ఉంది.

అందరూ ఒకేలా నమ్మారని అనుకోకండి, వాళ్లలో వాళ్లు బాగానే కొట్టుకున్నారు. చనిపోయాక శిక్షే లేదని హోజియా బలూ అనే బోధకుడి లాంటివాళ్లు, లేదు లేదు, సరిదిద్దే శిక్ష ఉంటుంది, ఆ తర్వాతే అని ఇంకొందరు. 1830లలో ఆ గొడవ మీద కొందరు విడిపోయారు కూడా. 1961లో వాళ్ల ప్రధాన సంఘం, త్రిత్వాన్ని ఒప్పుకోని యూనిటేరియన్లతో కలిసిపోయింది. ఇప్పుడు ఆ పేరుతో ఉన్న సంఘాల్లో క్రైస్తవులు కానివాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే మీ అబ్బాయిని, "నాయనా, నువ్వు చదివేది ఏ యూనివర్సలిస్టులని?" అని ఒకసారి అడగండి. దెబ్బలాటకు కాదు, తెలుసుకోవడానికి. గ్రెగొరీని చదువుతున్నాడా, క్రీస్తే అక్కర్లేదనేవాళ్లని చదువుతున్నాడా అన్నది పెద్ద తేడా.

నాకు వీళ్లందరిలో ఆసక్తిగా అనిపించేది మాత్రం పుస్తకాలు రాసిన పెద్దమనుషులు కాదు. వర్జీనియా, కెంటకీ, వెస్ట్ వర్జీనియా కొండల్లో, బొగ్గు గనుల ఊళ్లలో ప్రిమిటివ్ బాప్టిస్ట్ యూనివర్సలిస్టులని కొద్దిమంది ఉన్నారు. చుట్టుపక్కలవాళ్లు వాళ్లను "నరకం లేదనేవాళ్లు" అని పిలుస్తారు. నరకం ఈ బతుకులోనే ఉంది, పాపం చేసినవాడు ఇక్కడే కాలుతున్నాడు, చివరికి క్రీస్తు అందరినీ తెచ్చుకుంటాడు అంటారు వాళ్లు. అలాగని సంఘం తలుపులు బార్లా తీసి వదిలేశారా అంటే లేదు. సభ్యుడు కావాలంటే సాక్ష్యం చెప్పాలి, నీళ్లలో ముంచే బాప్తిస్మం తీసుకోవాలి. బల్ల రోజున ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. ముసలాయన నడుముకు తువ్వాలు చుట్టుకుని, పళ్లెం ముందు మోకాళ్ల మీద కూర్చుని, నిన్నటిదాకా తనతో మాటల్లేనివాడి కాలు చేతుల్లోకి తీసుకుంటాడు. అక్కడ చాలామందికి ఏడుపాగదు. వాళ్ల నమ్మకం ప్రకారం పరలోకం అందరికీ, ఈ పళ్లెం, ఈ తువ్వాలు మాత్రం పిలుపు అందుకున్న కొద్దిమందికి. ఏర్పరచబడ్డారు అంటే సాక్ష్యానికీ సేవకూ ఏర్పరచబడ్డారని. మిగతావాళ్లని వదిలేసి తమను ఏరుకున్నాడని వాళ్లు అనుకోరు.

ఇప్పుడు మీ ఆయన సంగతి. సంఘం అంటే రిజిస్టరు అయితే, అందులో ఆయన పేరు లేదు. ఆయనే వద్దనుకున్నారు, దాన్ని ఇప్పుడు మనం మార్చి రాయడం ఆయనకు మర్యాద కాదు. నలభై ఏళ్లు వేపచెట్టు దాకా వచ్చి లోపలికి రాని మనిషికి తన కారణాలు తనకుంటాయి. పోయాక ఆయన్ని లాక్కొచ్చి "లోపల క్రైస్తవుడే" అనడం నాకు నచ్చదు. యూనివర్సలిస్టుల్లో ఆలోచనాపరులు కూడా అలా అనరు. సంఘంలో లేడు, దేవుడి చేతిలో ఉన్నాడు అంటారు. ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు.

అయితే బైబిల్లోనే మీకోసం రాసినట్టున్న మాట ఒకటుంది, 1 కొరింథీ 7:14. "అవిశ్వాసియైన భర్త భార్యనుబట్టి పరిశుద్ధపరచబడును." ఇది యూనివర్సలిస్టులు కనిపెట్టింది కాదు, మీ చర్చి పల్పిట్ మీద ఉన్న పుస్తకంలోదే. రెండు వాక్యాల తర్వాత పౌలే "నీ భర్తను రక్షించెదవో లేదో నీకేమి తెలియును" అని కూడా అన్నాడు, అది దాచను. మళ్లీ 1 పేతురు చూడండి, క్రీస్తు చెరలో ఉన్న ఆత్మలకు ప్రకటించాడనీ, చనిపోయినవాళ్లకూ సువార్త ప్రకటించబడిందనీ ఉంది. విశ్వాస ప్రమాణంలో ఆయన అదృశ్యలోకంలోకి దిగాడని చెప్పుకుంటాం కదా, అక్కడికి ఎందుకు దిగినట్టు? ప్రకటన 21లో ఆ పట్టణపు గుమ్మాలు మూయరని ఉంది. చివరి పేజీలో "ఆత్మయు పెండ్లి కుమార్తెయు రమ్ము" అంటూనే ఉన్నారు. పెళ్లికూతురంటే సంఘమే. ఇక బయట ఎవరూ లేకపోతే ఎవరిని రమ్మంటోంది?

రెండో పక్క కూడా చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. మత్తయి 25:46లో నిత్యశిక్ష, నిత్యజీవం రెంటికీ గ్రీకులో ఒకే మాట వాడారు. జీవం అంతం లేనిదైతే శిక్ష కూడా అంతే కదా అని పాతకాలపు సంఘ పండితుడు అగస్టీను ఎప్పుడో అడిగాడు. ఆ మాటకు "యుగానికి చెందిన" అని అర్థం, కాలం పొడవు అందులో లేదు అంటారు యూనివర్సలిస్టులు. ఆ జవాబు నాకు సగమే సరిపోయింది. నేను పూర్తిగా అటు వెళ్లకపోవడానికి అదొక కారణం. మన తెలుగు సంఘాల్లో ఎక్కువ భాగం అగస్టీను పక్షమే. మీ అయ్యగారు కూడా బహుశా అంతే, అందుకు ఆయన్ని తప్పు పట్టకండి.

బల్ల దగ్గరికి తప్పకుండా వెళ్లండి. అక్కడ మిమ్మల్ని అడిగేది పాపం ఒప్పుకున్నారా, క్రీస్తును నమ్ముతున్నారా, పక్కవాళ్లతో సమాధానపడ్డారా అని. నరకం ఎన్నేళ్లు అన్న ప్రశ్న అక్కడ లేదు. మీ మనసులోని ఆశను అయ్యగారికి అప్పజెప్పాల్సిన పని కూడా లేదు. ఆయన మనసున్న మనిషి అనిపిస్తే, ఒక సాయంత్రం టీ పెట్టి "నాకిలా అనిపిస్తోందయ్యగారూ" అని చెప్పుకోండి, టెన్షన్ తగ్గుతుంది. చెప్పగానే ఆదివారం ప్రసంగంలో ఉదాహరణ చేసేసే రకమైతే ఊరుకోండి.

సమాధుల తోట విషయం మాత్రం ఊరుకోవద్దు. అది దైవజ్ఞానం కాదు, పరిపాలన. సభ్యుల కుటుంబీకులకు చోటివ్వొచ్చా అన్నది కమిటీ తీర్మానం చేసుకోగల విషయం. మీకోసం కాకపోయినా, మీలాగే భర్త బయట కూర్చునే ఆడవాళ్లు మీ చర్చిలో ఇంకెందరో ఉంటారు. వాళ్లలో ఇద్దరు ముగ్గుర్ని కలుపుకుని కాగితం రాసివ్వండి. అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు లనోకా హార్బర్ చూపించమనండి, వాడికీ తెలిసి ఉండకపోవచ్చు.

మీరు ఒక్క సంగతి రాయలేదు. ఈ రెండేళ్లూ కోత పండుగకి మీ చేలోంచి పన వెళ్లిందా, వెళ్తే ఎవరు మోశారు? వెళ్లకపోతే ఈసారి పంపండి. అబ్బాయికి సెలవు దొరికితే వాడి భుజాన పెట్టండి. వేపచెట్టు దాటి లోపలిదాకా రమ్మనండి.